ఆ సేవ్ ఫైల్‌లో ఏముందని ఇంత బాధ?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. కుదించి చెబుతున్నాను.

ఆమెకు ముప్పై ఐదేళ్ళు, భర్తకు ముప్పై ఏడు, పాపకు ఎనిమిది. భర్త దగ్గర చదువుకునే రోజుల నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్ ఉంది, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న పరికరం. అందులో పోకెమాన్ రూబీ కార్ట్రిడ్జ్, అంటే ఆ ఆట ఉండే చిన్న బిళ్ళ. వింత జీవులను పట్టుకుని, పెంచి, పోరాడించే ఆట అది. అందరూ పడుకున్నాక ఓ గంట ఆడుకుంటారు, ఒక్కోసారి వారాల తరబడి ముట్టుకోరు కూడా. ఒక ఆదివారం ఆయన బయటికి వెళ్ళారు. ఈమె ఆఫీస్ కాల్‌లో ఉన్నారు. తోచడం లేదని పాప పేచీ పెడితే సొరుగులోంచి ఆ గేమ్ తీసి చేతికిచ్చారు. కొంతసేపటికి పాప వచ్చి "ఇంగ్లీషులో ఏదో పెద్దగా అడుగుతోంది, ఏం నొక్కను?" అంది. ఈమె తల తిప్పకుండానే "ఎస్ నొక్కెయ్" అన్నారు. రాత్రి ఆయన ఆన్ చేస్తే ఏళ్ళ నాటి తన ఆట లేదు. పాప పేరుతో కొత్త ఆట ఉంది. ఈమె "బొమ్మలే కదా, మళ్ళీ పట్టుకోవచ్చుగా" అన్నారు. ఆయన లేచి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి పది రోజులుగా అవసరమైన రెండు ముక్కలు తప్ప మాట్లాడటం లేదు. పాప ఆ గేమ్ వైపు వెళ్ళడం మానేసి, "నాన్నకి నా మీద కోపమా?" అని రెండుసార్లు అడిగింది.

ఆమె ప్రశ్నలు ఇవి. ఈ వయసు మనిషికి ఒక ఆట పోయిందని ఇంత బాధ సహజమేనా? రెండు బొమ్మలు ఎదురెదురుగా నిలబడి వంతులేసుకుని కొట్టుకోవడంలో ఏముంది? తానూ ఒకసారి ప్రయత్నించి, గడ్డిలో అటూ ఇటూ నడవడం తప్ప ఏమీ కనిపించక వదిలేశారట. ఇలాంటివి ఫోన్‌లో ఉచితంగా బోలెడున్నాయని తమ్ముడు అంటున్నాడు, ఒకటి వేసి ఇస్తే సరిపోతుందా? చివరికి, ఇదంతా సర్దుకోవాలంటే తానూ ఆ ఆట నేర్చుకోవాలా?

మీరు అడిగిన వరుస మార్చి, ముందు పాప సంగతి చెబుతాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు. ఎనిమిదేళ్ళ పిల్లకు నాన్న మౌనంలో పొరల లెక్క తెలియదు. తను ఒక బటన్ నొక్కింది, ఇంట్లో మాటలు ఆగిపోయాయి. దానికి అర్థమయ్యేది ఇంతే. ఈరోజే దాన్ని కూర్చోబెట్టి చెప్పండి: "నువ్వు అడిగి నొక్కావు, చూడకుండా నొక్కమన్నది నేను. నాన్న బాధ పడుతున్నాడు, ఆ తప్పు నాది." ఆయన కూడా ఆ మాట పాపతో అంటే మంచిది. కానీ ఆయన అనేదాకా మీరు ఎదురు చూడొద్దు. ఆ రూబీ ఆటలో ఆ హెచ్చరిక చిన్నదేమీ కాదు. వేరొకరి ఆట ఇందులో ఇప్పటికే ఉంది, ఇప్పుడు సేవ్ చేస్తే అందులోని జీవులు, వస్తువులతో సహా అంతా పూర్తిగా పోతుంది, అయినా సేవ్ చేయాలా అని అడుగుతుంది. అంత చదివి అర్థం చేసుకోవడం పిల్ల పని కాదు. అందుకే అది మీ దగ్గరికి వచ్చింది.

ఇక మీ మొదటి ప్రశ్న. మళ్ళీ పట్టుకోవచ్చు కదా అన్నారు. ఆ జాతి జీవుల్ని పట్టుకోవచ్చు, నిజమే. ఆ జీవుల్నే పట్టుకోవడం కుదరదు. ఈ ఆటల్లో ఒక్కో జీవికీ ఒక చిన్న రికార్డు ఉంటుంది. దాన్ని ఏ చోట చూశారు, అప్పటికి దాని లెవెల్ ఎంత, మొదట పట్టుకున్నది ఎవరు, స్వభావం ఏమిటి, ఏం పేరు పెట్టారు, ఇవన్నీ దానితోనే ఉంటాయి. ఒకే జాతివి రెండు పట్టుకుంటే వాటి బలాలు పుట్టుకతోనే వేరుగా ఉంటాయి. పైగా ఏ శత్రువులతో ఎక్కువ పోరాడించారన్న దాన్ని బట్టి కూడా మారతాయి. ఇరవై ఏళ్ళుగా కొంచెం కొంచెం ఆడిన ఆటలో ఆయన చేసిన వందల చిన్న నిర్ణయాలు అక్కడ పోగై ఉన్నాయి. ఎవరో అటక శుభ్రం చేస్తూ పాత ఉత్తరాల కట్టను కాగితాల వాడికి వేసేస్తే, అందులో పనికొచ్చే విషయమేమీ లేదని తెలిసినా బాధ ఆగదు కదా. ఇదీ అలాంటిదే. ఇంకో సంగతి ఉంది. ఆ కార్ట్రిడ్జ్‌లో ఒకేసారి ఒక్క ఆటే నిలుస్తుంది, రెండోదానికి చోటు లేదు. ఆడేవాళ్ళు చాలామంది కావాలనే తమ పాత ఆట చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఆ ముందు రాత్రి కూర్చుని తమ జట్టును ఒకసారి చూసుకుంటారు, వేరే ఆటలోకి పంపగలిగినవి పంపుతారు, అప్పుడు చెరుపుతారు. మీ వారికి ఆ అవకాశం దొరకలేదు.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఒకటుంది. హాస్టల్‌లో స్నేహితుడితో కేబుల్ కలిపి మార్చుకున్న జీవి ఒకటి అందులో ఉండేదని, ఆ స్నేహితుడితో ఇప్పుడు మాటలు లేవని ఆయన ఎప్పుడో అన్నట్టు గుర్తుందని రాశారు. నేనైతే ఉత్తరాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టేవాణ్ణి. 1996లో జపాన్‌లో మొదటి పోకెమాన్ ఆటలు రెండు రంగులుగా, ఎరుపు, ఆకుపచ్చగా వచ్చాయి. కొన్ని జీవులు ఒకదానిలోనే ఉంటాయి, ఇంకొన్ని రెండోదానిలోనే. ఈ ఆటలు రూపొందించిన సతోషి తాజిరికి చిన్నప్పుడు పురుగులు పట్టి పోగుచేసే అలవాటు ఉండేది. రెండు గేమ్ బాయ్‌లను కలిపే కేబుల్ చూసినప్పుడు ఆయనకు దాని మీదుగా పురుగులు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు తోచిందని చెబుతారు. అంటే ఒక్కడే ఆడి పూర్తి చేయలేకుండా కావాలనే కట్టారు. రూబీ కాలానికి మొత్తం జీవులు 386. రూబీ ఒక్కదానితో అవన్నీ రావు. కొన్ని జీవులైతే చేతులు మారితే తప్ప తర్వాతి రూపానికి ఎదగవు. మీ వారు, ఆ స్నేహితుడు కేబుల్ కలిపి కూర్చున్నది బహుశా అలాంటి దాని కోసమే. అలా వచ్చిన జీవి మీద మొదటి యజమాని పేరు చెరగకుండా ఉంటుంది. అతను పెట్టిన ముద్దుపేరు ఈయన మార్చాలన్నా రూబీలో మార్చనివ్వదు. ఇన్నేళ్ళుగా ఆ పేరు అక్కడ అలాగే ఉంది. ఆ మనిషితో మాటలు లేకపోవడానికి కారణం మీరు రాయలేదు, బహుశా మీకు తెలియదేమో. ఆయన బాధలో ఈ భాగం ఎంతో నేను చెప్పలేను. అడిగితే మీకు తెలుస్తుంది.

ఇప్పుడు ఆ వంతుల సంగతి. మీకు అది లోపంలా కనిపించింది. ఆడేవాళ్ళకు చాలామందికి అసలు ఆకర్షణే అది. వేగంగా సాగే ఆటలో మీరు ఆలోచిస్తుంటే శత్రువు కొట్టేస్తాడు. చెయ్యి ఎంత చురుకు, కన్ను ఎంత పదును అన్నది ముఖ్యం. వంతులవారీ ఆటలో మీరు ఏదో ఒకటి ఎంచుకునేదాకా ప్రపంచమంతా ఆగి ఉంటుంది. పాప పిలిస్తే పోరాటం మధ్యలో పక్కన పెట్టి, గంట తర్వాత వచ్చి చూసినా ఎదుటి జీవి అలాగే నిలబడి ఉంటుంది. రోజంతా గడువులు, కాల్స్, మెసేజ్‌ల మధ్య గడిపిన మనిషికి తనను తొందరపెట్టని పని ఒకటి దొరకడం చిన్న విషయమేమీ కాదు.

తొందర లేదంటే తేలిక అని కూడా అనుకోవద్దు. ఒక జట్టులో ఆరు జీవులు, ఒక్కోదానికి నాలుగే ఎత్తులు. నీరు నిప్పును దెబ్బతీస్తుంది, నిప్పు గడ్డిని, గడ్డి నీటిని. ఇది పాపకు కూడా పది నిమిషాల్లో వస్తుంది. రూబీలో ఇలాంటి రకాలు 17. తర్వాత 2013లో ఒకటి చేరి 18 అయ్యాయి. ఒక జీవికి రెండు రకాలు ఉండొచ్చు. అప్పుడు దెబ్బ నాలుగు రెట్లు కావచ్చు, పావు వంతు కావచ్చు, అసలు తగలకనే పోవచ్చు. జీవిని మార్చాలంటే ఒక వంతు వదులుకోవాలి. ఆ వంతులో ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించాలి. అతను మీ ఊహను ఊహించి ఉంటే? ప్రపంచ స్థాయి పోటీలు జరిగేది ఈ మెలిక మీదే. మీ వారు వాటిదాకా వెళ్ళి ఉండరు. కానీ అర్ధరాత్రి తెర ముందు కదలకుండా కూర్చున్నట్టు మీకు కనిపించినప్పుడు ఆయన బహుశా ఈ లెక్కలో ఉండి ఉంటారు.

పోగుచేయడంలో రుచి ఇంకోలా ఉంటుంది. చాలా ఆటల్లో ఎదురొచ్చినదాన్ని చంపి ముందుకు పోవడమే. ఈ రకం ఆటల్లో ఎదురొచ్చినది రేపు మీ పక్కన నిలబడొచ్చు. ఈ ఊహ పోకెమాన్‌తో పుట్టలేదు. 1987లో వచ్చిన మెగామి టెన్సే ఆటలో దయ్యాలతో మాట్లాడి, బేరమాడి తన వైపు తిప్పుకోవచ్చు. 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ 5లో ఓడిపోయిన రాక్షసి లేచి మీతో వస్తానని అడుగుతుంది. పోకెమాన్ దాన్ని పిల్లలకు కూడా అందేలా, జేబులో పట్టేలా చేసింది. పట్టుకోవాలంటే ఎదుటిదాన్ని బలహీనపరచాలి. ఒక దెబ్బ ఎక్కువైతే అది పడిపోయి చేజారుతుంది. కాబట్టి బలమున్న జీవిని వెనక్కి పిలిచి చిన్న దెబ్బ వేసేదాన్ని ముందుకు పంపుతారు, వీలైతే నిద్రపుచ్చుతారు. కొట్టడం తెలిసినవాడు కొట్టకుండా ఆగడం నేర్చుకునే ఆట ఇంకోటి నాకు వెంటనే గుర్తు రావడం లేదు.

ఒక్క ఉదాహరణ చెప్పి ఈ భాగం ముగిస్తాను. మాజికార్ప్ అని ఒక చేప ఉంది. దొరికినప్పుడు దానికి తెలిసిన ఒకే విద్య గంతులేయడం. దానివల్ల ఏమీ జరగదు, ఆట కూడా ఏమీ జరగలేదనే చెబుతుంది. దాన్ని జట్టులో పెట్టుకుంటే ఆరు చోట్లలో ఒకటి వృథా. అయినా ప్రతి పోరాటంలో దాన్ని ఒకసారి ముందుకు పంపి, వెంటనే వెనక్కి పిలిచి, అనుభవంలో దానికీ వాటా ఇప్పిస్తూ మోసుకుంటూ పోతే, 20వ లెవెల్లో గ్యారడాస్ అనే భారీ సర్పంగా మారుతుంది. చుట్టుపక్కల దాన్ని ఎదిరించేది ఉండదు. ఇది తెలిసీ పిల్లలు, పెద్దలు ఆ చేపను మోస్తారు. గడ్డిలో అటూ ఇటూ నడవడం అని మీరన్నది చాలావరకు ఈ మోత. మీకు విసుగు పుట్టడంలో తప్పులేదు. పాత ఆటల్లో ఈ మోత ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది, కథలు కూడా గొప్పవని నేను అనను. పది నిమిషాల్లో ఎవరికీ ఈ ఆట ఏమీ ఇవ్వదు.

ఇక ఫోన్ సంగతి. వద్దు. ఇదొక్కటి మాత్రం సందేహం లేకుండా చెబుతాను, కారణం కూడా చెబుతాను.

రూబీలో ఒక చిన్న వింత ఉంది. ఎదురయ్యే ఏ జీవి అయినా 8192లో ఒకసారి మామూలు రంగుకు బదులు వేరే రంగులో మెరుస్తూ కనిపించవచ్చు. 2013 తర్వాతి ఆటల్లో ఆ అవకాశాన్ని 4096లో ఒకటికి పెంచారు. 8192 సార్లు వెతికితే తప్పక దొరుకుతుందని అనుకుంటాం. లెక్క వేస్తే అన్నిసార్లు వెతికినా దొరకనివాళ్ళు నూటికి సుమారు 37 మంది ఉంటారు. ఎన్నిసార్లు పోయినా తర్వాతి సారికి అవకాశం పెరగదు. అయినా మనసు "ఈసారి రావచ్చు" అంటూనే ఉంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతికి మనిషి ఇట్టే లొంగుతాడు. ఆ పాత కార్ట్రిడ్జ్‌లో ఈ బలహీనతకు పోయేది సమయం మాత్రమే. ఒకసారి కొన్న తర్వాత అది మళ్ళీ డబ్బు అడగదు.

ఫోన్‌లో ఉచితంగా దొరికే ఇలాంటి ఆటల్లో చాలావాటికి బతుకుతెరువే ఈ బలహీనత. వాటిని గాచా ఆటలంటారు. 2014 నుంచి నడుస్తున్న సమ్మనర్స్ వార్ లాంటివి చూడండి. అదీ వంతులవారీ ఆటే, అందులోనూ జీవుల్ని పోగుచేయడమే. కానీ మంచి జీవి గడ్డిలో ఎదురవదు, లాటరీ తీసినట్టు తీయాలి. తీయడానికి కావాల్సినది ఆడి కొంత సంపాదించవచ్చు, తొందర ఉంటే డబ్బుతో కొనవచ్చు. ఒక పూర్తి సెట్ చేరితే అరుదైన బహుమతి ఇచ్చే రకం గాచాను జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ 2012లో చట్టవిరుద్ధమంది. డబ్బు పెట్టి కొనే ఇలాంటి లాటరీ పెట్టెలను 2018లో బెల్జియం జూదం కింద లెక్కగట్టింది. ఇవి ఆడేవాళ్ళంతా చెడిపోతారని నేను అనడం లేదు, పైసా పెట్టకుండా సంతోషంగా ఆడేవాళ్ళూ ఉన్నారు. కానీ మీ వారికి నచ్చింది తనను తొందరపెట్టని ఆట. ఇవి రోజూ రాకపోతే బహుమతి పోతుందంటాయి, నాలుగు గంటల్లో ఈవెంట్ ముగుస్తుందంటాయి. పైగా ఈ ఆటలు కంపెనీ సర్వర్ల మీద నడుస్తాయి, కంపెనీ మూసేసిన రోజు అందరి జీవులూ ఒకేసారి పోతాయి. సేవ్ పోయిన బాధలో ఉన్న మనిషికి ఇవ్వాల్సిన బహుమతి అది కాదు. మీ తమ్ముడి ఉద్దేశం మంచిదే అయినా, పాప చేతికి కూడా వచ్చే ఫోన్‌లో అసలు వద్దు.

ఆయన బాధ సహజమన్నాను. పది రోజుల మౌనం సహజమని అనలేదు. ఈ రెండింటినీ కలిపి చూస్తే మీరు ఇటో అటో జారిపోతారు. బాధ నిజం కాబట్టి మౌనమూ న్యాయమే అనుకుంటే, ఆయన ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా మీరు తలవంచుకు తిరగాలి. మౌనం అన్యాయం కాబట్టి బాధ కూడా నాటకమే అనుకుంటే, ఆ రాత్రి అన్న మాటే మళ్ళీ అంటారు. ఆయన తన బాధను చెప్పుకోవచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, రెండు రోజులు ఒంటరిగా ఉండనివ్వమనీ అడగవచ్చు. ఇంట్లో అందరూ ఊహించుకుంటూ తిరిగేలా నోరు మూసుకోవడం మాత్రం, ముఖ్యంగా ఆ గోడకు ఇటువైపు ఒక పిల్ల ఉన్నప్పుడు, సరికాదు. ఈ మాట ఆయనకు చెప్పే హక్కు మీకుంది. క్షమాపణతో కలిపి ఒకే సంభాషణలో మాత్రం చెప్పొద్దు. "సారీ, కానీ నువ్వు కూడా" అని మొదలైన వాక్యంలో సారీ ఎవరికీ వినబడదు.

మీరు నేరుగా అడగకపోయినా వాక్యాల మధ్య ఉన్న అనుమానానికి కూడా జవాబిస్తాను. ఇది వ్యసనమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా తాజా కూర్పు 2022 నుంచి అమల్లో ఉంది, అందులో గేమింగ్ రుగ్మత చేరింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాదిగా కనిపిస్తుండాలి. రాత్రి ఓ గంట ఆడి, వారాల తరబడి వదిలేయగలిగే మనిషి గురించి మీరు రాశారు. ఆ అనుమానం పక్కన పెట్టేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. క్షమాపణ ఎలాగూ చెప్పాలి. అయితే చెప్పాల్సినవి రెండు. చూడకుండా నొక్కమన్నందుకు ఒకటి, "బొమ్మలే కదా" అన్నందుకు ఇంకొకటి. నాకైతే రెండోదే బరువైందనిపిస్తుంది. మొదటిది పరధ్యానం, ఎవరికైనా జరుగుతుంది. రెండోది ఆయనకు విలువైనదాని మీద మీ తీర్పులా వినబడి ఉంటుంది. వివరణలు లేకుండా చెప్పండి, చెప్పాక ఆ స్నేహితుడి జీవి గురించి అడగండి. ఆయన ఏమీ అనకపోవచ్చు. చాలా చెప్పవచ్చు కూడా, అందులో మీ గురించి ఎప్పటి నుంచో లోపల ఉన్న మాటలు కొన్ని రావచ్చు, అవి ఈ ఆటకు సంబంధించినవి కాకపోవచ్చు. దానికి సిద్ధపడి వెళ్ళండి. ఇది చెప్పిన తర్వాత కూడా ఇంకో రెండు మూడు వారాలు ఇదే మౌనం సాగితే, సమస్య గేమ్ బాయ్‌లో లేదని అర్థం. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక కౌన్సిలర్ దగ్గర కూర్చోవడం గురించి మాట్లాడండి.

చెప్పకుండా ఇంకో రూబీ కొని చేతిలో పెట్టాలని మీకు అనిపించవచ్చు. దానికి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, అది వస్తువు విరగ్గొట్టి కొత్తది తెచ్చినట్టు ఉంటుంది, పోయింది వస్తువు కాదు కాబట్టి ఆయనకు చిరాకే పెరగవచ్చు. రెండోది మామూలు ఇబ్బంది. ఆ కాలపు పోకెమాన్ కార్ట్రిడ్జ్‌లకు నకిలీలు చాలా ఎక్కువ. కొన్ని సరిగ్గా సేవ్ కావు, కొన్ని వేరే గేమ్ బాయ్‌తో మార్పిడి చేయనివ్వవు. మళ్ళీ ఇంకో సేవ్ పోగొట్టే బహుమతి ఇవ్వకండి. కొనాలనుకుంటే ఆయననే చూసి ఎంచుకోమనండి.

తెలిసినవాళ్ళెవరైనా మీకు ఇంకో ఉపాయం చెబుతారు. కార్ట్రిడ్జ్‌లోని సేవ్‌ను కంప్యూటర్‌లోకి తీసి, కావలసిన జీవులను కావలసిన లెవెల్లో అందులో రాసి మళ్ళీ ఎక్కించే పరికరాలు ఉన్నాయి. పాత పేరు, పాత యజమాని పేరు కూడా రాయవచ్చు. కొందరికి అది చాలు, బొమ్మ కళ్ళముందుంటే తృప్తి పడతారు. ఇంకొందరికి దాన్ని చూసిన ప్రతిసారీ అది నకలని గుర్తొస్తుంది. మీ వారు ఏ రకమో నాకు తెలియదు. ఈ మాట మీ నోటి నుంచి ముందు రాకుండా చూసుకోండి. వస్తే "మళ్ళీ పట్టుకోవచ్చుగా" అన్నదానికి ఇది ఇంకో రూపంలా వినబడుతుంది. ఆయనే ప్రస్తావిస్తే సాయం చేయండి.

మీరు నేర్చుకోవాలా? అక్కర్లేదు. ఆయన సంతోషం కోసం విసుగ్గా ఆడితే అది ఆయనకు తెలిసిపోతుంది. అదెందుకు ఇష్టమో వినగలిగితే చాలు. నిజంగా కుతూహలం పుడితే అది వేరే సంగతి.

అన్నిటికన్నా చిక్కుముడి ఆ కార్ట్రిడ్జ్. మీ ఇంట్లో దాని గురించి ఇంకా ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇప్పుడు అందులో ఉన్నది పాప ఆట. ఆయన మళ్ళీ మొదలుపెట్టాలంటే పాప ఆట చెరిగిపోవాలి, అంటే తనకు జరిగినదే పాపకు చేయాలి. ఆయన మౌనానికి ఇది కూడా ఒక కారణమై ఉండొచ్చు, నాది ఊహే. ఆ కార్ట్రిడ్జ్ పాపకు వదిలేసి ఆయన పక్కన కూర్చోవచ్చు. అలా చేస్తే ఆయన ఒక విషయంలో జాగ్రత్త పడాలి. తెలిసినవాడు పక్కన ఉంటే "అది వద్దు, ఇది పట్టు" అనకుండా ఉండటం కష్టం. పాప తప్పు జట్టు కట్టుకుని ఓడిపోవాలి, ఆట అక్కడే మొదలవుతుంది. లేదా పాపను అడిగి, అది ఒప్పుకుంటే చెరిపి ఆయన మొదలుపెట్టవచ్చు. ఇప్పుడున్న భయంలో అది దేనికైనా ఒప్పుకుంటుంది, అందుకే ఈ దారి ఇప్పుడే వద్దంటాను. మూడోది, ఇంకో పరికరం, ఒక కేబుల్, రూబీకి జంటగా వచ్చిన సఫైర్ కార్ట్రిడ్జ్ తెచ్చుకోవడం. రూబీలో లేని జీవులు కొన్ని అందులో ఉంటాయి, తండ్రీకూతుళ్ళు మార్చుకోవచ్చు. వినడానికి బాగుంది గానీ, ఈ ఆలోచన మీ నుంచి వస్తే మీరు సర్దిపెట్టిన కార్యక్రమంలా ఉంటుంది. ఆయన నోటి నుంచి వస్తే వాళ్ళిద్దరిది అవుతుంది. ఆయన ఎప్పటికీ ఆ మాట ఎత్తకపోతే అదీ సరే.

ఇందులో ఏదో ఒకటి తేలేదాకా పాప ఆటను ఎవరూ చెరపకుండా కార్ట్రిడ్జ్ పక్కన పెట్టండి. ఆయన మాటల్లో పడ్డాక ఒకటి అడిగి చూడండి, రూబీ నుంచి ఎప్పుడైనా కొన్నిటిని తర్వాత వచ్చిన పోకెమాన్ ఆటల్లోకి పంపారా అని. 2006లో మొదట వచ్చిన డయమండ్, పర్ల్ ఆటల్లో ఆ వీలు ఉండేది. గేమ్ బాయ్ తర్వాత వచ్చిన పరికరం నింటెండో డీఎస్‌లో, పాత కార్ట్రిడ్జ్‌ను కూడా పట్టే మొదటి రకం ఆయన దగ్గర ఒకప్పుడు ఉండి ఉంటే, ఆయనే మరిచిపోయినవి కొన్ని అక్కడ ఉండే అవకాశం ఉంది. ఆ పంపడం ఒకవైపే జరుగుతుంది, వెళ్ళినవి రూబీకి తిరిగి రావు. కాబట్టి రూబీ చెరిగిపోయినా అవి పోవు.